జనం లేని కాలనీకి మొదటి బహుమతి

గానుగల కాలనీకీ తారురోడ్డుకీ మధ్య ఒక మురుగుకాలువ అడ్డం. దాని మీద రెండు పాత కరెంటు స్తంభాలు పక్కపక్కనే పడుకుని ఉంటాయి. వాటిని కాలనీవాళ్ళు వంతెన అంటారు, ముక్తిపురం పురపాలక సంఘంవారు ఆక్రమణ అంటారు. ఎండాకాలంలో వాటి మీద సైకిలు నడిపించుకుంటూ పోవచ్చు. వానలు పడి కాలువ పొంగితే మాత్రం స్తంభాలు కనపడవు, అవి ఎక్కడున్నాయో అలవాటుపడ్డ పాదాలకే తెలుసు. అలవాటు లేనివాళ్ళు, అంటే గ్యాసు బండలు తెచ్చేవాడూ పెళ్ళిచూపులకి వచ్చేవాళ్ళూ, అవతలి గట్టు మీద నుంచే చెయ్యి ఊపి వెళ్ళిపోతారు.

ఆ కాలనీలో పిండిమర నడిపే పేరిందేవమ్మకి ఆ కాలువ పేరెత్తితే ఒళ్ళుమంట. మర హోరులో మాట్లాడీ మాట్లాడీ ఆవిడ గొంతు ఒక స్థాయికి కిందికి దిగదు. గుళ్ళో కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నా ఆవిడ కోరిక బయట చెప్పులు కాసేవాడికి వినపడుతుంది. అందుకని ఆ సంవత్సరం ఆవిడ కోరిక ఏమిటో ఊరందరికీ తెలుసు. కూతురు హైమవతికి నాలుగో నెల. అల్లుడు పక్కవీధివాడే, ఆటో నడుపుతాడు, ఆ ఆటోని రోజూ కాలువ అవతల టీకొట్టు దగ్గర పెట్టి ఇంటికి నడిచి వస్తాడు. పురుడు శ్రావణమాసంలో వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. కిందటి శ్రావణంలో ఆ కాలనీలోనే ఒక నిండు చూలాలిని మంచంతో సహా మోసుకుపోతుంటే నడి కాలువలో మంచం ఒరిగింది. తల్లీబిడ్డా ఎలాగో గట్టెక్కారు గానీ మంచం ఇప్పటికీ దొరకలేదు.

అది తలుచుకుని పేరిందేవమ్మ మరకి తాళం వేసి, అర్జీ రాయించుకుని, మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళింది. ఆవిడకి కావలసింది ఒక్కటే. శ్రావణం వచ్చేలోపు ఆ కాలువ మీద ఆటో పట్టేంత కల్వర్టు.

కమిషనర్ శేషఫణిగారు అర్జీని రెండు వేళ్ళతో పట్టుకుని, పాత కేలండరును చూసినట్టు చూశారు.

"చూడమ్మా, అర్జీలు స్వీకరించే విధానం నిన్నటితో రద్దయింది. అర్జీలో పక్షపాతానికి ఆస్కారం ఉంటుంది. ఇకమీదట పనుల మంజూరు యావత్తూ పారదర్శక క్రీడా విధానంలో జరుగుతుంది."

"అంటే ఏంది సార్?"

"కాలనీలు ఆట ఆడతాయి. గెలిచిన కాలనీకి పని మంజూరవుతుంది."

సంగతేమిటంటే, ఆ మధ్య కమిషనర్లందరినీ ఒక చల్లటి కొండ ఊరికి శిక్షణకి పంపించారు. ఉపన్యాసాలు మొదలుపెట్టగానే అందరూ నిద్రపోయారు. విసిగిపోయిన శిక్షకుడు ఒక అట్టపెట్టె తెచ్చి, అందులోని కాలనీ కట్టే ఆటను ఆడించాడు. ఆట నడిచినంతసేపూ ఒక్క అధికారీ కన్ను మూయలేదు. ఈ విషయం నివేదికగా పైకి వెళ్ళింది. పైవారు దాన్ని లోతుగా అధ్యయనం చేసి, అధికారులు మెలకువగా ఉండే పద్ధతి ఇన్నాళ్ళకి దొరికింది కనుక పరిపాలన మొత్తాన్నీ అందులోకి మార్చాలని ఉత్తర్వు ఇచ్చారు.

"పాచికకి కులం లేదమ్మా. పార్టీ లేదు. బావమరుదులు లేరు. ఇంతకన్నా నిష్పాక్షికమైన అధికారిని నా సర్వీసులో నేను చూడలేదు," అన్నారు శేషఫణిగారు, బొటనవేలంత పాచికను అరచేతిలో పెట్టుకుని ముద్దుగా చూస్తూ.

పక్క హాల్లో బల్ల మీద ఆట పరిచి ఉంది. గళ్ళుగళ్ళుగా పెద్ద అట్ట, అదే కాలనీ. పాచిక వేస్తే పడ్డన్ని ఇటుకలు ఇస్తారు. ఇటుకలు పెట్టి ఇళ్ళో, రోడ్లో, పార్కులో కొనుక్కుని గళ్ళలో పెట్టాలి. దేనికి ఎన్ని పాయింట్లో పుస్తకంలో ఉంటుంది. పక్కన పేకముక్కల్లా బోర్లించిన ముక్కల కట్ట ఒకటి. ఒక రేకు డబ్బాలో బఠాణీ గింజలంత చెక్క బొమ్మలు, రంగురంగులవి. వాటి పేరు జనం.

"వీళ్ళు ఎందుకు సార్?" అంది పేరిందేవమ్మ.

"కాలనీ అన్నాక జనం ఉండాలి కదమ్మా," అన్నారు కమిషనర్ గారు, ఆ ప్రశ్న తనకి ఇంతవరకూ తోచనట్టు.

పోటీ పద్ధతి తెలిసిన వారం తిరక్కుండానే ముక్తిపురంలో కోచింగ్ సెంటర్లు లేచాయి. లేవకపోతే అది ముక్తిపురం కాదు. అన్నిటిలోకీ పేరున్నది పానకాలు మాస్టారిది. ఆయన మొదట టైపు నేర్పేవాడు, తర్వాత స్పోకెన్ ఇంగ్లీషు, ఆ తర్వాత గ్రూపు పరీక్షలు. ఇప్పుడు బోర్డు మీద పాత పేరు పైనే రంగు వేయించి విజేత కాలనీ అకాడమీ అని రాయించాడు. ఆట ఇంకా ఒక్కసారి కూడా జరగలేదు గానీ, గత పోటీల్లో మా విద్యార్థులే ప్రథములు అని కింద చిన్న అక్షరాలతో ఉంది.

పేరిందేవమ్మ పొద్దున మర ఆడించి, మధ్యాహ్నం ఒళ్ళంతా పిండితోనే క్లాసుకి వెళ్ళి ముందు బెంచీలో కూర్చునేది. ఎనిమిదో తరగతి తర్వాత ఆవిడ బెంచీ ఎక్కడం అదే. మాస్టారు చూపుడువేలు పైకెత్తి అడిగేవాడు, క్లాసంతా కోరస్‌గా చెప్పేది.

"కాలువలు?"

"కట్టగూడదు మాస్టారూ!"

"ఎందుకని కట్టగూడదు?"

"భూమిలో ఉంటయ్యి, ఎవరికీ కనపడవు మాస్టారూ!"

"కనపడని పనికి?"

"పాయింట్లు లేవు మాస్టారూ!"

పేరిందేవమ్మ చెయ్యెత్తింది. "మాస్టారూ, మరి నేనొచ్చిందే కాలువ మీద కల్వర్టు కోసం గదా?"

"అది నిజం కాలువ. ఇది బోర్డు. రెండిటినీ కలిపి ఆలోచించావంటే ఫెయిలైపోతావు," అన్నాడు మాస్టారు కటువుగా. "పెద్ద పెద్దోళ్ళు కూడా ఇక్కడే దెబ్బతింటారు. రాసుకో. ఇటుకలు చేతికి రాగానే మొట్టమొదట ఏం కట్టాలి?"

"ఇళ్ళు?"

"కాదు. ముఖద్వారం. సిమెంటు ఆర్చి. అయిదు పాయింట్లు. లోపల కాలనీ ఉందా లేదా అని ఎవడూ తొంగిచూడడు. రెండోది, పార్కు. పార్కు కట్టామనుకో, ఒకసారి నాలుగు పాయింట్లు, అంతటితో సరి. అదే శంకుస్థాపన రాయి వేశామనుకో, రాయికి మూడు. పుస్తకం మొత్తం నేను జల్లెడపట్టాను, ఒకే గడిలో రెండోసారి శంకుస్థాపన చెయ్యగూడదని యాడా లేదు. వెయ్యి. మళ్ళీ వెయ్యి. ఆట అయిపోయిందాకా వేస్తానే ఉండు."

క్లాసులో కొందరికి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. ఇంత సులువైన సూత్రం ఇన్నాళ్ళూ తమ ఊళ్ళోనే కళ్ళెదుట ఉన్నా తట్టనందుకు కొందరు సిగ్గుపడ్డారు.

అసలు కిటుకు మాత్రం మాస్టారు ఆఖరి రోజుదాకా దాచాడు. ఆ రోజు తలుపులు వేసి, గొంతు తగ్గించి, రేకు డబ్బాలోంచి ఒక చెక్క బొమ్మను తీసి చూపించాడు.

"జనం. దీన్ని గడిలో పెట్టావంటే పాచిక వేసిన ప్రతిసారీ నీళ్ళడిగిద్ది. ఒక్క చుక్క తగ్గిందా, ఫిర్యాదు ముక్క తియ్యాల. ఫిర్యాదుకి రెండు పాయింట్లు కోత. పెరిగే కొద్దీ బడి అడుగుద్ది, దీపం అడుగుద్ది, రోడ్డు అడుగుద్ది. నా అనుభవంలో చెప్తున్నా, జనాన్ని పెట్టుకుని బాగుపడ్డ కాలనీ లేదు."

"మరి ఇళ్ళు కట్టి జనాన్ని పెట్టకపోతే ఎట్టా మాస్టారూ?"

"పెట్టి తీరాలని పుస్తకంలో లేదు," అన్నాడు పానకాలు మాస్టారు, బొమ్మను డబ్బాలో పడేసి మూత బిగిస్తూ.

పోటీ రోజు టౌన్‌హాలు కిటకిటలాడింది. గానుగల కాలనీ తరఫున పేరిందేవమ్మ, ఆవిడకి ఎదురుగా శాంతినగర్ తరఫున దివాకరంగారనే రిటైర్డు డ్రాయింగు మాస్టారు ఆఖరిదాకా మిగిలారు. దివాకరంగారు కోచింగుకి వెళ్ళలేదు. ఆయన ముచ్చటపడి తన అట్ట మీద వీధికో పంపు పెట్టాడు, మూల మీద బడి పెట్టాడు, కాలువలు తవ్వించాడు, ఇంటికి ఇద్దరు చొప్పున జనాన్ని నిలబెట్టి తన పనితనానికి తానే మురిసిపోయాడు. పాచిక రెండుసార్లు ఒకటి పడింది. నీళ్ళు కొనడానికి ఇటుకలు చాలలేదు. ఫిర్యాదు ముక్కలు ఆయన ముందు గుట్టగా పేరుకున్నాయి.

పేరిందేవమ్మ ఆర్చి మీద ఆర్చి కట్టింది. ఒకే గడిలో రాయి మీద రాయి వేసింది. హాలు వెనకనుంచి కాలనీవాళ్ళు ఈలలు వేస్తున్నారు. ఒక దశలో ఆవిడ చేతికి వలస అనే ముక్క వచ్చింది. నలుగురు మనుషుల్ని తప్పనిసరిగా తీసుకోవాలి. ఆవిడ వాళ్ళని అరచేతిలో పెట్టుకుని చూసింది. అందులో ఒకటి మిగతావాటికన్నా పొట్టిది. ఎందుకో హైమవతి గుర్తొచ్చి దాన్ని వేలితో నిమిరింది. వెనకనుంచి పానకాలు మాస్టారు దగ్గాడు. ఆవిడ కళ్ళు మూసుకుని, పుస్తకంలో ఉన్న వెసులుబాటు ప్రకారం, ఆ నలుగుర్నీ దివాకరంగారి కాలనీలోకి తోసేసింది. దాంతో ఆయన కాలనీలో నీళ్ళ గొడవ ముదిరి ఆట ముగిసింది.

గానుగల కాలనీ గెలిచింది. ఆర్చీలు ఆరు, ఖాళీ ఇళ్ళు కొన్ని, శంకుస్థాపనలు లెక్కలేనన్ని, జనం ఎవరూ లేరు. చప్పట్లకి హాలు దద్దరిల్లింది. పేరిందేవమ్మకి మాత్రం దివాకరంగారి మొహం చూడాలంటే తలకొట్టేసినట్టయింది. ఆయనే దగ్గరికి వచ్చి, "మా కాలనీలో మీవాళ్ళు నలుగురూ బాగానే ఉన్నారమ్మా, సర్దుకున్నారు," అని నవ్వి వెళ్ళాడు.

కల్వర్టు మంజూరు కాగితం కోసం మర్నాడే ఆఫీసుకి పోయింది. శేషఫణిగారు ఎదురొచ్చి కుర్చీ వేయించారు. కాఫీ తెప్పించారు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నారు.

"ఒక చిన్న సాంకేతిక అంశం ఉందమ్మా. సదరు మంజూరు బోర్డు మీద గెలిచిన కాలనీకి వర్తిస్తుంది. బోర్డు మీది కాలనీకీ క్షేత్రస్థాయిలోని కాలనీకీ తేడా ఉంటే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. వచ్చే బుధవారం ప్రాంతీయ సంచాలకులవారు తనిఖీకి విచ్చేస్తున్నారు."

"రానీయండి సార్. ఏంది తేడా?"

"బోర్డు మీద జనం లేరు. మీ కాలనీలో ఉన్నారు."

పేరిందేవమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టింది. "మా కాలనీలో మేం లేకపోతే ఇంకెవరుంటారు సార్?"

"ఎవరూ ఉండకూడదనే కదా నేను మనవి చేస్తున్నది," అన్నారు కమిషనర్ గారు ఎంతో ఓపికగా. "ఒక్క పూట. పనులు యథాతథంగా జరగాలంటే పరిస్థితి కూడా యథాతథంగా ఉండాలి."

కాలనీవాళ్ళకి ఈ మాట ఎలా చెప్పాలా అని ఆవిడ దారంతా మథనపడింది గానీ చెప్పాక ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. మంత్రులు వచ్చినప్పుడు మేకల్ని తోలేయమన్నారు, పందుల్ని తోలేయమన్నారు, ఈసారి తమ వంతు వచ్చిందనుకున్నారు. బుధవారం పొద్దున్నే అందరూ కేరేజీలు కట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, స్తంభాల మీదుగా దాటి రైసుమిల్లు కళ్ళంలోకి పోయి కూర్చున్నారు. ఏడో నెల కడుపుతో హైమవతి నీడపట్టున చాప వేసుకుంది. కదలనని భీష్మించుకున్నది వీరరాఘవులు తాత ఒక్కడే.

"నేను లేనని రాసుకోమనవే. నేను అడ్డుకుంటన్నానా? మంచం మాత్రం దిగను," అని దుప్పటి ముసుగేసుకున్నాడు.

తనిఖీలో కమిషనర్ గారి వెంట పేరిందేవమ్మ కూడా ఉంది. ఈవిడ ఎవరని సంచాలకులవారు ఆరా తీస్తే శేషఫణిగారు తడుముకోకుండా చెప్పారు. "క్రీడాకారిణి సార్. జనం కాదు."

సంచాలకులవారు ఖాళీ వీధుల్లో చేతులు వెనక్కి కట్టుకుని నడిచారు. పంపుల దగ్గర తగవు లేదు. అరుగుల మీద పేకాట లేదు. ఎవరూ కాగితం పట్టుకుని ఎదురురాలేదు. ఆయన ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఇంత ప్రశాంతమైన కాలనీని చూడలేదట, అదే మాట నాలుగుసార్లు అన్నారు. ఇంతలో ఒక ఇంట్లోంచి గట్టిగా దగ్గు వినపడింది.

"అదేమిటి?"

"గాలి సార్," అన్నారు శేషఫణిగారు.

"గాలికి కఫం ఉన్నట్టుందే."

"వాతావరణ కాలుష్యం సార్. నివారణ చర్యలు పరిశీలనలో ఉన్నాయి."

సంచాలకులవారు తృప్తిపడి రాసుకున్నారు. అంతా బాగానే ముగిసేదే, వెంట వచ్చిన ఇంజనీరు ఒకడు కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు కాబట్టి ఆలోచించాడు. "సార్, ఇక్కడ మనుషులే లేనప్పుడు కల్వర్టు ఎవరికోసం?" అన్నాడు.

శేషఫణిగారి మొహం పాలిపోయింది. పేరిందేవమ్మకి కళ్ళముందు శ్రావణమాసం, పొంగే కాలువ, ఒరిగిపోయే మంచం కనపడ్డాయి. ఇంక ఆగలేకపోయింది.

"తనిఖీకి వచ్చే పెద్దోళ్ళ కోసం సార్!" ఆవిడ మామూలుగానే అన్నా అవతలి కళ్ళంలోవాళ్ళకి కూడా వినపడింది. "ఇయ్యాల తమరు బూట్లు చేత్తో పట్టుకుని స్తంభాల మీద రాలేదా? ప్యాంటు కింద చూసుకోండి సార్, అదంతా మా కాలువే. రేపు మా కాలనీ ఇంత గొప్పదని రాష్ట్రం నలుమూలల నుంచీ చూడ్డానికి వస్తారు. వాళ్ళ కార్లు ఏడ దాటతయ్యి?"

సంచాలకులవారు వంగి ప్యాంటు చూసుకున్నారు. కల్వర్టు అక్కడికక్కడే మంజూరైంది. అధికారుల కార్ల కోసం కనుక ఆటో పట్టేంత కాక లారీ పట్టేంత వెడల్పు రాశారు.

ఆషాఢం వెళ్ళేసరికి కల్వర్టు పూర్తయింది. ఒకే చోట మూడుసార్లు శంకుస్థాపన జరగడం వల్ల కాస్త ఆలస్యమైంది గానీ గట్టిగానే కట్టారు. గానుగల కాలనీ అధికారికంగా జనం లేని కాలనీ అయిపోవడంతో ఇంటి పన్ను నోటీసులు రావడం మానేశాయి. కాలనీవాళ్ళు పేరిందేవమ్మని ఆకాశానికెత్తారు. తర్వాత వారం వీధి దీపాలు విప్పుకుపోయారు, చీకట్లో నడిచేవాళ్ళు లేరు కనుక. ఆ పై వారం మంచినీళ్ళ ట్యాంకరు ఆగిపోయింది, తాగేవాళ్ళు లేరు కనుక. ఎత్తినవాళ్ళే ఆవిడని మెల్లగా కిందికి దించడం మొదలుపెట్టారు.

అయినా ఆవిడ ఓర్చుకుంది. శ్రావణమాసం మూడో వారంలో కుండపోతగా వాన కురుస్తుండగా హైమవతికి నొప్పులొచ్చాయి. అల్లుడు ఆటోని గుమ్మం ముందుకి తెచ్చాడు. కింద కాలువ సుళ్ళు తిరుగుతుంటే పైన కల్వర్టు మీద ఆటో ఎక్కడా ఒరగకుండా దాటిపోయింది. పేరిందేవమ్మ కూతురి తల ఒళ్ళో పెట్టుకుని చంటిపిల్లలా ఏడ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల ఏడుపు విని నర్సులందరూ ఇది అమ్మమ్మ పోలికే అన్నారు.

పిల్లకి రెండు నెలలు వచ్చాక పుట్టినట్టు కాగితం కోసం పేరిందేవమ్మ దాన్ని ఎత్తుకుని ఆఫీసుకి వెళ్ళింది. ఆ కాగితం లేకపోతే రేపు బడిలో చేర్చుకోరు, ఎల్లుండి రేషను కార్డులో ఎక్కించరు. కమిషనర్ గారి గదిలో హడావిడిగా ఉంది. రాష్ట్రస్థాయి పోటీకి ముక్తిపురం తరఫున గానుగల కాలనీ అట్టనే పంపిస్తున్నారు. ఆరు ఆర్చీలతో, రాళ్ళతో గెలిచిన ఆటను కదలకుండా బల్ల మీద ఉంచి, నలుగురు గుమాస్తాలు చుట్టూ చేరి దుమ్ము దులుపుతున్నారు. సంచాలకులవారు స్వయంగా వచ్చి కూర్చున్నారు.

"జననమా?" అన్నారు శేషఫణిగారు, ఎవరో దొంగసొత్తు తెచ్చినట్టు అదిరిపడి. "ఏ కాలనీ?"

"అదేంది సార్? గానుగల కాలనీ."

"సదరు కాలనీలో జనాభా లేదమ్మా. జనాభా లేనిచోట జననం ఎలా సంభవిస్తుంది? నిబంధనలు అంగీకరించవు."

"సంభవించింది సార్. ఇదిగో."

కమిషనర్ గారు పిల్లవంక చూడకుండా జాగ్రత్తపడుతూ, గొంతు తగ్గించారు. "పోటీ ముంగిట ఉన్నాం. ఇప్పుడు ఒక్క శాల్తీ పెరిగినా నీటి సరఫరా చూపించాలి, చూపించలేకపోతే ఫిర్యాదు. రాష్ట్ర బహుమతి పోతుంది. పోటీ అయ్యేదాకా ఇంకా పుట్టలేదనుకోండి. ఆ తర్వాత సానుభూతితో పరిశీలిస్తాం."

పేరిందేవమ్మ శేషఫణిగారి మొహం వంక చూసింది. ఆరోజు టౌన్‌హాల్లో నలుగుర్ని కళ్ళు మూసుకుని పక్క కాలనీలోకి తోసేసినప్పుడు తన మొహం కూడా సరిగ్గా ఇలాగే ఉండి ఉంటుందని తోచింది. సిగ్గూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. పిల్ల ఒంటి మీది గుడ్డ విప్పి, బల్ల దగ్గరికి నడిచి, గానుగల కాలనీ నడిబొడ్డున, ఆర్చీల మధ్య ఖాళీగా ఉన్న గళ్ళ మీద దాన్ని వెల్లకిలా పడుకోబెట్టింది.

"ఏయ్, ఏయ్! అది రాష్ట్రస్థాయికి వెళ్ళే బోర్డు!" అని సంచాలకులవారు లేచారు.

"తెలుసు సార్. లేని పిల్లే గదా, బరువేముంటది?"

పిల్ల కాళ్ళు ఆడిస్తూ చుట్టూ ఉన్న పెద్దమనుషుల్ని చూసింది. ఒక ఆర్చిని తన్ని పడేసింది. తర్వాత, ఆ వయసువాళ్ళు చేసే పనే చేసింది. వెచ్చటి ధార ఒకటి పార్కు శంకుస్థాపనల మీదుగా పారి, వీధుల్లోకి మళ్ళి, పోవడానికి కాలువ లేక ఇళ్ళ చుట్టూ నిలిచిపోయింది. అట్ట ఉబ్బడం మొదలుపెట్టింది.

ముక్తిపురం పురపాలక చరిత్రలో వరద సహాయం అంత వేగంగా ఎన్నడూ అందలేదు. కమిషనర్ గారు చేతిరుమాలుతో దూకారు. సంచాలకులవారు దినపత్రిక పరిచారు. గుమాస్తాలు ఇళ్ళని ఎత్తైన ప్రదేశాలకి, అంటే ఫైళ్ళ మీదికి, తరలించారు. నీళ్ళు వస్తూనే ఉన్నాయి.

"ఎత్తుకోమ్మా! ముందు పిల్లని ఎత్తుకో!" అని శేషఫణిగారు అరిచారు.

"ఏ పిల్లని సార్?" అంది పేరిందేవమ్మ చేతులు కట్టుకుని.

శేషఫణిగారు సంచాలకులవారి వైపు చూశారు. సంచాలకులవారు ఉబ్బిపోతున్న కాలనీ వైపు చూసి, తల ఊపారు. కమిషనర్ గారు తడిచేత్తోనే జనన రిజిస్టరు లాక్కుని, గానుగల కాలనీ, ఆడశిశువు అని రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి ఇచ్చారు. పేరిందేవమ్మ కాగితం ఆరబెట్టుకుని, మడిచి, రవికలో దోపుకుని, అప్పుడు పిల్లని ఎత్తి భుజాన వేసుకుంది.

"చాలమ్మా? ఇక దయచేయండి," అన్నారు శేషఫణిగారు రుమాలు పిండుకుంటూ.

"ఇప్పటికి ఒక్క శాల్తీ అయింది సార్," అంది పేరిందేవమ్మ. కిటికీ అవతల రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి విన్నారు. "మా కాలనీలో ఇంకా శానామందిమి ఉన్నాం. అందరం రేపట్నుంచి వరసగా వచ్చి పుడతాం. వీరరాఘవులు తాత పెద్దోడు, నిలబడలేడు. ఆయనకి మాత్రం ఒక కుర్చీ వేయించి ఉంచండి."